తొలి కాన్పు, 38 వారాలు నిండాయి, తల ఇంకా దిగలేదన్నారు. ఆపరేషన్ తప్పదా?

ఎదురుచూపు
అందరికీ నమస్కారం. ఇది నాకు తొలి కాన్పు, 38 వారాలు నిండాయి. నిన్న చెకప్‌లో డాక్టరమ్మ పొట్ట మీద చేత్తో నొక్కి చూసి, "తల ఇంకా ఫిక్స్ అవ్వలేదు, పైనే ఉంది, వారం ఆగి రండి" అని మాత్రం చెప్పి తర్వాతి పేషెంట్‌ను పిలిచేశారు. బయటికొచ్చినప్పటి నుంచి ఒకటే టెన్షన్. తొలిచూలుకైతే తొమ్మిదో నెల నడుస్తుండగానే పొట్ట జారిపోవాలని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు, నాకేమో పొట్ట ఇంకా ఎదురొమ్ముకు ఆనుకునే ఉంది, కూర్చుంటే ఊపిరి చాలదు, పడుకుంటే గుండెల్లో మంట. నాతో పాటే నెల తప్పిన స్నేహితురాలికి 36 వారాలకే దిగిపోయిందట. స్కానింగ్‌లో తల కిందికే ఉంది, బిడ్డ బరువు, ఉమ్మనీరు బాగానే ఉన్నాయని రాశారు. నేను కొంచెం పొట్టిగా ఉంటాను, అందుకని నా కటి చాలదేమో, అందుకే బిడ్డ దిగట్లేదేమో అని రాత్రంతా అదే ఆలోచన. ఇప్పటికీ దిగకపోతే ఇక ఆపరేషనేనా? దిగడానికి నేను చేయగలిగింది ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

రెండుజడలు
చెల్లీ, ముందు కాస్త నెమ్మదించు. నా పెద్దమ్మాయి అప్పుడు నాకూ ఇదే మాట అన్నారు, 39 వారాల చెకప్‌లో కూడా తల పైనే ఉంది. నొప్పులు మొదలై ఆసుపత్రిలో చేరాక, గర్భసంచి ముఖద్వారం తెరుచుకోవడం మొదలైన తర్వాతే తల కిందికి వచ్చింది. నార్మల్ డెలివరీయే అయింది. చాలాసేపు పట్టింది, అది నిజమే, కానీ అయింది. రెండోదాని సంగతైతే అసలు ఎవరూ పట్టించుకోలేదు, రెండో కాన్పుకి నొప్పులు వచ్చేదాకా దిగకపోవడం మామూలేనని చెప్పారు. నీ స్నేహితురాలితో పోల్చుకోవద్దు. 36 వారాలకే దిగినవాళ్లు 41 దాకా ఆగినవీ చూశాం, పైనే ఉన్నవాళ్లకి ఆ రాత్రే నొప్పులు వచ్చినవీ చూశాం. బిడ్డ దిగడానికీ నొప్పులు ఎప్పుడొస్తాయన్నదానికీ గట్టి లెక్కేమీ లేదు.

లేబర్‌రూమ్_సిస్టర్
నేను కాన్పు వార్డులో పనిచేస్తాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

తల దిగిందా లేదా అన్నది అవును, కాదు అని చెప్పే విషయం కాదు. పొట్ట మీద చేత్తో చూసేటప్పుడు బిడ్డ తలను 5 భాగాలుగా అనుకుంటాం. కటి ఎముక అంచుకు పైన ఎన్ని భాగాలు చేతికి తగులుతున్నాయో అదే లెక్క. 5కి 5 తగిలితే తల పూర్తిగా పైన తేలుతున్నట్టు. 3 తగిలితే కటిలోకి రావడం మొదలుపెట్టింది, కానీ తలలో అన్నింటికన్నా వెడల్పైన భాగం ఇంకా దాటలేదు. 2 లేదా అంతకన్నా తక్కువ తగిలితే వెడల్పైన భాగం కటి ఎముక అంచు దాటినట్టు, దాన్నే ఫిక్స్ అయింది అంటారు. అంటే 5కి 5 పైన ఉన్నవాళ్లకీ, 5కి 3 ఉన్నవాళ్లకీ చెప్పే మాట "ఫిక్స్ అవ్వలేదు" అన్న ఒక్కటే, కానీ రెండూ ఒకటి కావు. మీ చెకప్ కార్డులో 5/5 అనో 4/5 అనో 3/5 అనో రాసి ఉంటుంది, చూడండి. లోపలి పరీక్ష చేసి ఉంటే స్టేషన్ అని మైనస్ 3, మైనస్ 2 అని రాస్తారు. కటి మధ్యలో రెండు వైపులా పొడుచుకొచ్చినట్టుండే ఎముకల దగ్గరికి తల వస్తే అది సున్నా, దానికి పైన ఉంటే మైనస్, దాటి కిందికొస్తే ప్లస్.

ఇంకో సంగతి. మూత్రసంచి నిండుగా ఉంటే తల పైకి ఉన్నట్టు అనిపిస్తుంది, అందుకే పరీక్షకు ముందు మూత్రానికి వెళ్లి రమ్మంటాం. మలబద్ధకం ఉన్నా అంతే. వారాల లెక్క తప్పినా అంతే, 38 అనుకున్నది నిజానికి 36 అయితే తల పైన ఉండటంలో వింతేముంది. తేదీల్లో అనుమానం ఉంటే మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ చెప్పేదే నమ్మకమైనది, చివర్లో తీసిన స్కానింగ్‌లో మారిన డ్యూ డేట్‌ను పట్టుకోకండి.

తొలి కాన్పులో చాలామందికి 36 నుంచి 38 వారాల మధ్య తల దిగుతుందని చదువుకున్నాం, నిజమే. కానీ తల దిగకుండానే నొప్పుల్లోకి వచ్చే తొలి కాన్పు తల్లులను మేం వార్డులో తరచూ చూస్తాం. వాళ్లలో ఎక్కువమందికి నార్మల్ అవుతుంది. తల పైన ఉంది అంటే "ఎందుకుందో ఒకసారి చూడండి" అని అర్థం, "ఆపరేషన్‌కి రాసేయండి" అని కాదు.

ఎదురుచూపు
సిస్టర్, చాలా థాంక్స్. కార్డు తీసి చూశాను, 4/5 అని ఉంది. ఇన్నాళ్లూ అదేదో కోడ్ అనుకున్నాను. ఎందుకుందో చూడాలన్నారు కదా, ఏమేం చూడాలి? ఏం అడగాలో తెలిస్తే వచ్చే చెకప్‌లో అడుగుతాను.

లేబర్‌రూమ్_సిస్టర్
మొదట మాయ ఎక్కడుందో. మాయ కిందికి ఉండి ముఖద్వారాన్ని మూసేస్తున్నా, దాని అంచుకు దగ్గరగా ఉన్నా తల దిగడానికి చోటుండదు. ఇది తప్పకుండా తేల్చుకోవాల్సిన విషయం, ఎందుకంటే అలాంటప్పుడు నొప్పుల కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. మీ స్కానింగ్ రిపోర్టులో మాయ గర్భసంచి పైభాగంలో ఉందని రాసి ఉంటే ఆ భయం పోయినట్టే. తర్వాత ఉమ్మనీరు. మరీ ఎక్కువ ఉంటే తల అటూ ఇటూ తేలుతూనే ఉంటుంది. మీకు బాగానే ఉందని రాశారు. గర్భసంచి కింది భాగంలో గడ్డలు, అండాశయంలో నీటి తిత్తి లాంటివి అడ్డుపడుతున్నాయా అన్నదీ స్కానింగ్‌లోనే తెలుస్తుంది.

ఇవేవీ లేకపోతే ఎక్కువసార్లు కనిపించే కారణం బిడ్డ తల తిరిగి ఉన్న తీరు. తల కిందికే ఉంటుంది, కానీ బిడ్డ వీపు మీ వెన్నెముక వైపు ఉంటుంది, ముఖం మీ బొడ్డు వైపు చూస్తుంటుంది. రిపోర్టులో ఓపీ అని రాస్తారు. మెడ ఇరుకుగా ఉన్న చొక్కా తల మీదుగా వేసుకునేటప్పుడు గడ్డం గుండెకు ఆనించి నడినెత్తిని ముందు దూరుస్తాం కదా, బిడ్డా అంతే. గడ్డం వంచుకుని వస్తే కటిలోకి వచ్చే తల కొలత దాదాపు 9.5 సెంటీమీటర్లు. వీపు వెనక్కి ఉన్న బిడ్డ గడ్డం సరిగా వంచలేదు, అప్పుడదే తల 11 సెంటీమీటర్ల పైన కొలతతో ఎదురవుతుంది. అందుకని పైనే ఆగుతుంది. వీళ్లలో చాలామంది నొప్పులు బలంగా వచ్చాక లోపలే తిరిగి సరైన తీరులోకి వస్తారు, దానికి టైమ్ పడుతుంది, నడుం నొప్పి ఎక్కువ ఉంటుంది, అంతే.

కాబోయేనాన్న
నమస్తే అండీ. మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు ఏమనుకోకండి, మాదీ ఇదే పరిస్థితి. మా ఆవిడకి 39 వారాలు. చూపించుకుంటున్న చోట తల దిగలేదు, కటి ఇరుకు, బిడ్డ పెద్దది, ఎల్లుండే ఆపరేషన్ పెట్టేసుకుందాం అన్నారు. నొప్పులు ఒక్కటి కూడా రాలేదు. షుగర్, బీపీ ఏమీ లేవు. స్కానింగ్‌లో బిడ్డ 3.4 కిలోలు అని ఉంది. తను నార్మల్ కోసం నెలల తరబడి వ్యాయామాలు చేసింది, ఇప్పుడు రోజంతా ఏడుస్తోంది, తన ఒంట్లోనే ఏదో లోపం ఉందని అనుకుంటోంది. డాక్టర్ మాట కాదనాలంటే భయం, ఏమైనా జరిగితే? ఊరుకోవాలన్నా మనసొప్పట్లేదు. అసలు నొప్పులు రాకముందే కటి చాలదని తెలుస్తుందా?

నీలిగువ్వ
అన్నయ్యా, వదినకి ముందు ఈ మాట చెప్పండి, ఆపరేషన్ అయినా కాకపోయినా తన ఒంట్లో లోపమేమీ లేదు. దీని గురించి నేను మళ్లీ రాస్తాను.

లేబర్‌రూమ్_సిస్టర్
మీరు అడిగిందే అసలు ప్రశ్న అండీ. సూటిగా చెప్పాలంటే చాలామంది విషయంలో తెలియదు. కటి ఎప్పుడూ ఒకే కొలతలో ఉండే ఎముకల చట్రం కాదు. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల కీళ్ల దగ్గరి పట్టీలు సడలుతాయి, నొప్పుల్లో తల్లి కూర్చునే తీరు, వంగే తీరు బట్టి కొంత జాగా మారుతుంది. బిడ్డ తల కూడా అంతే, పుర్రె ఎముకలు ఇంకా అతుక్కుని ఉండవు, ఒకదాని మీదికి ఒకటి జరిగి తల సన్నబడుతుంది. ఈ సర్దుబాటంతా నొప్పులు వస్తేనే జరుగుతుంది. అందుకే తల, కటి పొసగడం లేదు అన్న మాట చాలావరకు నొప్పులు బలంగా వచ్చి, ముఖద్వారం తెరుచుకుంటూ, అయినా తల కదలనప్పుడు తేలేది. ఆసుపత్రిలో చేరిన ఆరోగ్యవంతురాలైన తల్లికి కటి కొలతలు మామూలుగా చూడనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫార్సుల్లోనే ఉంది.

బరువు సంగతి. నెలలు నిండాక స్కానింగ్ చెప్పే బరువు అటూ ఇటూ 10 నుంచి 15 శాతం దాకా తేడా రావచ్చు. మీ 3.4 కిలోలు నిజానికి 3 కిలోలే కావచ్చు, 3.8 కూడా కావచ్చు. 3.4 అన్నది పెద్ద బిడ్డ అనే లెక్కలోకి రాదు.

అయితే నొప్పులు రాకముందే నిర్ణయం తీసుకోవాల్సిన సందర్భాలూ ఉన్నాయి. కటి ఎముక గతంలో విరిగి అతుక్కున్నవాళ్లు, చిన్నప్పుడు ఎముకల జబ్బు వచ్చి కటి వంకర తిరిగినవాళ్లు, మాయ అడ్డుగా ఉన్నవాళ్లు, బిడ్డ అడ్డంగా ఉన్నవాళ్లు, షుగర్ ఉండి బిడ్డ మరీ పెద్దదైనవాళ్లు. మీ ఆవిడకి ఇలాంటిదేదో ఉందేమో నాకు తెలియదు. అందుకే కాదనడం కాదు, అడగండి. "డాక్టర్ గారూ, ఇప్పుడే చేయాల్సిన కారణం ఏంటి? నొప్పుల కోసం ఆగితే బిడ్డకు వచ్చే ముప్పేంటి? నొప్పులు వచ్చాక చూసి, అవసరమైతే అప్పుడు చేస్తే కుదరదా?" ఈ మూడు అడిగితే చాలు. జవాబులో గట్టి కారణం ఉంటే మీ మనసుకే తెలుస్తుంది. తల దిగలేదు అన్నదొక్కటే కారణం అయితే ఇంకో డాక్టర్‌కి చూపించుకోవడంలో తప్పు లేదు, ఫైలు మొత్తం తీసుకెళ్లండి.

కాబోయేనాన్న
థాంక్స్ అండీ. ఫైలు తీసుకుని ఈ సాయంత్రమే వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం.

పొద్దుపొడుపు
ఎదురుచూపు గారూ, నేను పెద్ద బంతి మీద కూర్చుని నడుం గుండ్రంగా తిప్పేదాన్ని, చేతులూ మోకాళ్ల మీద ఉండి నడుం వంచేదాన్ని, మెట్లు ఎక్కేదాన్ని. 38వ వారంలో బిడ్డ దిగిపోయింది. మీరూ మొదలుపెట్టండి, తప్పకుండా దిగుతుంది.

మేఘమాల
పొద్దుపొడుపు గారూ, మీకు మంచి జరిగింది, సంతోషం. కానీ తప్పకుండా దిగుతుంది అని చెప్పకండి, ఎందుకంటే అవన్నీ చేసి కూడా దిగనివాళ్లు మేం తక్కువ చేశామేమో అని కుమిలిపోతారు. నేను ఫిజియోథెరపీ చేస్తాను, గర్భిణులతో పనిచేస్తాను. చేతులూ మోకాళ్ల మీద ఉండే భంగిమ మీద పరిశోధనలు జరిగాయి. దానివల్ల కాన్పు సమయానికి బిడ్డ తీరు మారుతుందని తేలలేదు. నడుం నొప్పి మాత్రం తగ్గుతుంది, అది చిన్న లాభం కాదు. బంతి మీద కూర్చోవడం, నిటారుగా ఉండటం, నడవడం, ఎడమ వైపు తిరిగి పడుకోవడం ఇవన్నీ హాయినిచ్చేవి, హాయి కోసం చేయండి. ఆయాసం వచ్చేలా, కాళ్లు లాగేసేలా మెట్లెక్కాల్సిన పనిలేదు. ముందు ఎముక జాయింట్ దగ్గర పొడిచినట్టు నొప్పి ఉంటే మెట్లు, కాళ్లు ఎడంగా పెట్టి గొంతుక్కూర్చోవడం రెండూ ఆపేయండి.

నెలలు నిండుతున్నప్పుడు నిజంగా పనికొచ్చేది ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. 34 వారాల తర్వాత యోని కింది భాగాన్ని శుభ్రమైన చేతులతో, నూనె రాసి మెల్లగా సాగదీసే మసాజ్. తొలి కాన్పువాళ్లకి కుట్లు పడే అవకాశం తగ్గుతుంది. ఎలా చేయాలో మీ నర్సునడిగి నేర్చుకోండి, ఉమ్మనీరు పోయినా, ఇన్ఫెక్షన్ ఉన్నా చేయకూడదు. నొప్పులు తెప్పిస్తాయని ఎవరో చెప్పిన పసర్లు, ఆముదాలు మాత్రం తాగకండి.

పొద్దుపొడుపు
మంచి మాట చెప్పారు అండీ. హాయి కోసమే అని మారుస్తున్నాను.

లేబర్‌రూమ్_సిస్టర్
ఇప్పుడు చెప్పబోయేది ఈ మొత్తంలో నాకు అన్నింటికన్నా ముఖ్యమైనది. తల పైన ఉన్నవాళ్లు టెన్షన్ పడాల్సింది ఆపరేషన్ గురించి కాదు, ఉమ్మనీరు పోయినప్పుడు ఏం చేయాలో తెలియకపోవడం గురించి.

తల కటిలో బిగిసి ఉంటే ఉమ్మనీరు పోయినా బొడ్డు తాడు కిందికి జారడానికి సందు ఉండదు. తల పైన తేలుతూ ఉంటే నీటితో పాటు తాడు ముందుకు జారి, తలకీ కటికీ మధ్య నలిగి, బిడ్డకు రక్తం అందకుండా పోవచ్చు. ఇది అరుదు, వెయ్యి కాన్పుల్లో ఒకటి నుంచి ఆరు దాకా. కానీ జరిగితే నిమిషాల మీద నడిచే వ్యవహారం. కాబట్టి తల దిగలేదని చెప్పినవాళ్లకి నీళ్లు పోతే నొప్పులు వచ్చేదాకా ఇంట్లో ఆగడం, స్నానం చేసి తీరిగ్గా బయల్దేరడం వద్దు. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి, తల పైన ఉందని చెప్పారు అన్న మాట మొదట చెప్పి, బయల్దేరండి. వాహనంలో ఎడమ వైపు తిరిగి పడుకోండి. నీళ్ల రంగు చూసుకోండి, పచ్చగా గానీ గోధుమరంగులో గానీ ఉంటే అది కూడా చెప్పండి.

యోనిలో తాడు ఏదో తగులుతున్నట్టు, బయటికి కనిపిస్తున్నట్టు ఉంటే అంబులెన్స్‌ను పిలవండి. అది వచ్చేదాకా మోకాళ్ల మీద వంగి, తల, భుజాలు నేలకు ఆనించి, పిరుదులు పైకెత్తి ఉండండి. తాడును ముట్టుకోకండి, లోపలికి తోయకండి. ఏమీ తినకండి, తాగకండి. ఇంట్లో ఉన్న భర్తకో, అమ్మకో, అత్తకో ఇది ముందే చదివి వినిపించండి, ఎందుకంటే ఆ సమయంలో గుర్తుపెట్టుకుని చెప్పాల్సింది వాళ్లే.

ఎదురుచూపు
చదువుతుంటే చేతులు వణికాయి సిస్టర్, కానీ చెప్పడమే మంచిదైంది. ఇది మా డాక్టరమ్మ చెప్పలేదు. మా ఆయనతో రెండుసార్లు చదివించాను. ఇంకో అనుమానం, నిన్నటి నుంచి బిడ్డ కదలికలు కొంచెం తగ్గినట్టు అనిపిస్తోంది. పక్కింటి ఆంటీని అడిగితే చివరి వారాల్లో చోటు చాలక బిడ్డ తక్కువ తిరుగుతుంది, మామూలే అన్నారు. అంతేనా?

రెండుజడలు
చెల్లీ, దీనికి ఇక్కడ జవాబు కోసం ఎదురుచూడొద్దు, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చెయ్యి.

లేబర్‌రూమ్_సిస్టర్
రెండుజడలు గారు చెప్పినట్టే చేయండి, ఇప్పుడే. చోటు చాలక కదలికలు తగ్గుతాయన్నది అబద్ధం. తన్నే తీరు మారుతుంది, తన్నడం బదులు పొర్లినట్టు, నెట్టినట్టు ఉంటుంది, కానీ ఎన్నిసార్లు అన్నది కాన్పు రోజు వరకూ తగ్గకూడదు. ఎడమ వైపు పడుకుని రెండు గంటల్లో 10 కదలికలు రావాలని ఒక లెక్క చెబుతారు. ఆ లెక్క కన్నా ముఖ్యం మీ బిడ్డకు రోజూ ఉండే అలవాటు. అది మారిందని మీకు అనిపించిందంటే అదే రోజు వెళ్లి గుండె చప్పుడు గ్రాఫ్ తీయించుకోవాలి. మీరు అనవసరంగా వచ్చారని మేమెవ్వరం అనుకోం.

నీలిగువ్వ
వెళ్లి వచ్చాక ఒక్క మాట రాయండి, మనసంతా మీ దగ్గరే ఉంది.

ఈలోగా కాబోయేనాన్న గారి ఆవిడ కోసం నా సంగతి రాస్తాను. నాకూ తల దిగలేదు. నొప్పులు వాటంతట అవే వచ్చాయి, రాత్రంతా నడిచాను, ముఖద్వారం పూర్తిగా తెరుచుకుంది, అయినా బిడ్డ వెన్ను వెనక్కే ఉండిపోయింది, తిరగలేదు. గుండె చప్పుడు తగ్గుతుంటే ఆపరేషన్ చేశారు. డాక్టర్ ప్రతిదీ నాకు చెప్పి, ఎందుకు చేస్తున్నారో చెప్పి, నేను సరే అన్నాకే తీసుకెళ్లారు. అందుకేనేమో నాకు ఆ ఆపరేషన్ మీద ఏ బాధా లేదు. నా బిడ్డ ఆ దారిలో రావాల్సి వచ్చింది, వచ్చింది. అదే ఏ కారణం చెప్పకుండా తేదీ పెట్టి ఉంటే నేనూ ఇవాళ్టికీ ఏడుస్తూ ఉండేదాన్ని. కాబట్టి వదినతో చెప్పండి, నార్మల్ అవ్వడం గెలుపు కాదు, ఆపరేషన్ ఓటమి కాదు. తనని అడిగి, తనకి చెప్పి చేశారా అన్నదే తర్వాత మనసులో మిగిలేది.

ఎదురుచూపు
వెళ్లి వచ్చాను. గ్రాఫ్ బాగుంది, ఉమ్మనీరు మళ్లీ చూశారు, బాగుంది. గ్రాఫ్ తీస్తుండగానే బిడ్డ మళ్లీ బాగా తిరగడం మొదలుపెట్టింది. మళ్లీ తగ్గినట్టు అనిపిస్తే అర్ధరాత్రయినా రమ్మన్నారు. డ్యూటీలో వేరే డాక్టరమ్మ ఉన్నారు, ఆవిడను అన్నీ అడిగాను. మాయ పైభాగంలో ఉంది. గడ్డలేమీ లేవు. వీపు కుడివైపు వెనక్కి ఉందట, అంటే సిస్టర్ చెప్పిన ఓపీయే. పొట్టిగా ఉన్నంత మాత్రాన కటి చాలదని కాదు, నొప్పులు వస్తే తెలుస్తుంది, ఆగుదాం అన్నారు. డ్యూ డేట్ దాటితే ఏం చేస్తారో అడగడం కుదరలేదు, లోపల ఎవరికో కాన్పు అవుతుంటే పరుగెత్తారు. అది ఎవరైనా చెప్పండి.

లేబర్‌రూమ్_సిస్టర్
చాలా సంతోషం అమ్మా. మంచి పని చేశారు.

డ్యూ డేట్ అంటే 40 వారాలు నిండే రోజు. సరిగ్గా ఆ రోజున పుట్టేది 20 మందిలో ఒకరు. తొలి కాన్పులు ఆ తేదీ దాటి కొన్ని రోజులు పోవడం మామూలే. 41 వారాలు నిండితే నొప్పులు తెప్పించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా, 42 దాటనివ్వం, ఎందుకంటే ఆ తర్వాత మాయ పనితీరు తగ్గి బిడ్డకు ముప్పు పెరుగుతుంది. దానికి ముందు లోపలి పరీక్షలో వేలితో పొరలను కొంచెం విడదీస్తారు, కాస్త నొప్పిగా ఉంటుంది, తర్వాత కొద్దిగా రక్తపు జీర కనిపించవచ్చు, దానివల్ల కొందరికి నొప్పులు వాటంతట అవే మొదలవుతాయి.

నొప్పులు తెప్పించే ముందు ముఖద్వారం ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, ఎంత మెత్తగా ఉంది, ముందుకుందా వెనక్కుందా, తల ఎంత దిగింది అని ఐదు చూసి మార్కులు వేస్తాం, బిషప్ స్కోర్ అంటారు. 8 దాటితే బాగా సిద్ధంగా ఉన్నట్టు, 6 లేదా తక్కువైతే ముందు ముఖద్వారాన్ని మెత్తబరిచే మందు గానీ బెలూన్ గానీ పెడతాం. తల పైన ఉండటం వల్ల ఆ ఐదింటిలో ఒకదాంట్లోనే మార్కులు తగ్గుతాయి, చూశారా. ఒక జాగ్రత్త మాత్రం అడగండి. తల పైన ఉన్నప్పుడు ఉమ్మనీటి సంచిని తొందరపడి పగలగొట్టకూడదు, ఎందుకో పైన రాశాను.

మేఘమాల
నొప్పులు తెప్పిస్తే ఆపరేషన్ ఎక్కువవుతుందని చాలామంది భయపడతారు, అందుకని ఒకటి చెబుతాను. అమెరికాలో 6,000 మందికి పైగా తొలి కాన్పు తల్లులతో చేసిన అరైవ్ అనే పరిశోధన 2018లో వచ్చింది. ఏ ఇబ్బందీ లేనివాళ్లకి 39వ వారంలో నొప్పులు తెప్పిస్తే 18.6 శాతానికి ఆపరేషన్ అయింది, ఆగి చూసినవాళ్లలో 22.2 శాతానికి అయింది. దీన్నిబట్టి అందరూ 39కే తెప్పించుకోవాలని నేననను, ఆగడమూ సరైన నిర్ణయమే. 41 వారాలప్పుడు తెప్పిద్దాం అంటే మాత్రం అది ఆపరేషన్‌కి తోసే మొదటి మెట్టు అని భయపడకండి.

కాబోయేనాన్న
అందరికీ చెప్పాలి కదా. రెండో డాక్టర్ అంతా చూసి, 5కి 3 తగులుతోంది, అంటే దిగడం మొదలైంది, ఇప్పుడు ఆపరేషన్‌కి కారణమేమీ కనిపించట్లేదు, 41 దాకా ఆగుదాం, మధ్యలో రెండుసార్లు వచ్చి గ్రాఫ్ తీయించుకోండి అన్నారు. నొప్పులు వచ్చాక ఆపరేషన్ అవసరమైతే వెనకాడను అని కూడా ముందే చెప్పారు. ఆ మాటతో మా ఆవిడకి ధైర్యం వచ్చింది. నీలిగువ్వ గారు రాసింది తనకి చదివి వినిపించాను, చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత లేచి అన్నం తింది. నీళ్లు పోతే ఏం చేయాలో కాగితం మీద రాసి తలుపుకి అతికించాం.

ఎదురుచూపు
అన్నయ్యా, చాలా సంతోషం. సిస్టర్, చివరగా ఒకటి. నొప్పులు మొదలైతే నేనెప్పుడు బయల్దేరాలి? తల పైన ఉంది కాబట్టి ముందే వెళ్లాలా?

లేబర్‌రూమ్_సిస్టర్
నీళ్లు పోకుండా నొప్పులు మాత్రమే వస్తుంటే కంగారు లేదు. దొంగ నొప్పులైతే నడిచినా, పడుకున్నా, తీరు మార్చినా తగ్గిపోతాయి. నిజం నొప్పులు దగ్గరపడుతూ, బలపడుతూ, నడుం నుంచి ముందుకు వస్తాయి. ఐదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కోటి నిమిషం దాకా, గంటసేపు అలాగే వస్తుంటే బయల్దేరండి. ఆసుపత్రి దూరమైతే ఇంకా ముందే. ఓపీ బిడ్డ కాబట్టి మీకు మొదటి దశ నెమ్మదిగా నడవచ్చు, ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకునేదాకా చాలా గంటలు పట్టడం తొలి కాన్పులో మామూలే, అప్పుడు కూడా తల దిగలేదని ఎవరైనా అంటే బెదిరిపోకండి. రక్తం పోయినా, కదలికలు తగ్గినా, తలనొప్పి తీవ్రంగా ఉండి కళ్లు మసకబారినా, పొట్ట పైభాగంలో నొప్పి వచ్చినా, అరచేతులు అరికాళ్లు విపరీతంగా దురదపెట్టినా నొప్పులతో పనిలేదు, వెంటనే వెళ్లండి.

తొలిఅడుగు
అక్కలూ, నాకు 34 వారాలు, తొలి కాన్పు. నాకూ నిన్న తల పైనే ఉందన్నారు. ఇదంతా చదివాక భయమేసింది, నేనూ ఓపీ అడగాలా?

రెండుజడలు
34కి తల పైనే ఉంటుంది తల్లీ, దిగే టైమే కాలేదు. కిందికి తిరిగి ఉందా, ఎదురుకాళ్లతో ఉందా అన్నది మాత్రం 36 వారాలకు చూపించుకో. ఎదురుకాళ్లయితే బయటి నుంచి చేత్తో తిప్పే ప్రయత్నం చేయడానికి అదే సరైన సమయం. కదలికలు రోజూ గమనించుకో, మాయ ఎక్కడుందో రిపోర్టులో చూసి పెట్టుకో. ఇప్పటికి ఆ రెండు చాలు.